ఇంటి కారు, ఎల్ బోర్డు, పాలసీలో ఒక వాక్యం

మన దేశంలో ఏ కారు ఇన్సూరెన్స్ పాలసీ తీసి చూసినా అందులో 'డ్రైవర్ క్లాజు' అని ఒక చిన్న పేరా ఉంటుంది. యజమానితో సహా ఎవరైనా బండి నడపవచ్చు, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి అంటుంది. దాని కిందే మరో వాక్యం. లెర్నర్ లైసెన్సు ఉన్నవారూ నడపవచ్చు, కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 3వ నియమం పాటించాలి అని. విజయవాడలో ఒక ప్రభుత్వరంగ బీమా కంపెనీలో, మోటారు క్లెయిముల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఆ రెండో వాక్యాన్ని ఇంట్లో ఎవరూ చదవరు. పద్దెనిమిదేళ్ల పిల్లకు నాన్న కారు మీద నేర్చుకునే హక్కు ఇచ్చింది మాత్రం అదే. అది కోర్టుల్లో గట్టిగా నిలబడడానికి చాలా కాలం పట్టింది.

కథ బ్రిటన్‌లో మొదలవుతుంది. కారు గుద్ది కాలు పోయిన మనిషి కోర్టులో గెలిచినా, నడిపినవాడి దగ్గర డబ్బు లేకపోతే చేతిలో మిగిలేది డిక్రీ కాగితమే. ఈ అన్యాయానికి జవాబుగా అక్కడ 1930లో రోడ్డు ట్రాఫిక్ చట్టం వచ్చి, థర్డ్ పార్టీ బీమాను, అంటే బండి వల్ల దెబ్బతిన్న బయటివారి కోసం చేసే బీమాను, తప్పనిసరి చేసింది. 1935 జూన్ 1 నుంచి కొత్తగా నేర్చుకునేవారికి డ్రైవింగ్ పరీక్షనూ తప్పనిసరి చేశారు. బండికి ఎర్రటి ఎల్ అక్షరం తగిలించడం ఆ రోజుల్లోనే వచ్చింది.

మనకు 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చింది. బీమా గురించిన ఎనిమిదో అధ్యాయం మాత్రం వెంటనే అమల్లోకి రాలేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1946 జూలై 1న వచ్చింది. రోడ్డు మీద నడిచే మనిషికి ఈ దేశంలో చట్టం అండ దొరికిన రోజు అదేనని నా నమ్మకం. ఆ అధ్యాయంలో అసలు బలం 96వ సెక్షన్‌లో ఉంది. బాధితుడికి డబ్బు కట్టకుండా తప్పించుకోవడానికి కంపెనీ ఏ కారణాలు చెప్పవచ్చో అది లెక్కపెట్టి చెప్పింది. అందులో ఒకటి, నడిపినవాడికి లైసెన్సు లేకపోవడం. తర్వాత ఎన్నో ఏళ్లపాటు కోర్టుల్లో ఎన్నో వాదనలు ఈ కారణం చుట్టూ తిరిగాయి.

1956 సవరణతో మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్లకు చోటు కల్పించారు. మామూలు సివిల్ దావా లాగా కోర్టు ఫీజు కట్టుకుని ఏళ్ల తరబడి తిరిగే బాధ కొంత తగ్గింది. మా వైపు వకీళ్లు 'ఓపీ వేశాం' అంటారే, అది ఈ ట్రిబ్యునల్లో వేసే పిటిషనే. 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా మొత్తం జాతీయమైంది. నూరుకు పైగా ఉన్న కంపెనీలు కలిసి నాలుగయ్యాయి. కలకత్తాలో నేషనల్, బొంబాయిలో న్యూ ఇండియా, ఢిల్లీలో ఓరియంటల్, మద్రాసులో యునైటెడ్ ఇండియా.

ఆ నాలుగింటిలో దేనికి వెళ్లినా కారు ప్రీమియం ఒకటే. టారిఫ్ పుస్తకం తెరిచి చూసేవాళ్లం. ఇంజిన్ ఎన్ని సీసీ, బండి వయసెంత, ఏ జోన్‌లో రిజిస్టరైంది, ధర ఎంత. హైదరాబాదు ఎ జోన్, విజయవాడ బి జోన్. ఇంట్లో ఎంతమంది నడుపుతారు, వాళ్ల వయసెంత అన్న గడి ఆ లెక్కలో లేదు. బీమా బండికి కట్టేది, మనిషికి కాదు. బ్రిటన్‌లో అలా కాదు. నేర్చుకునే కొడుకు పేరు తండ్రి పాలసీలో ప్రత్యేకంగా రాయించాలి, కుర్రవాడని ప్రీమియం బాగా పెరుగుతుంది. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలకూ ఈ ఖర్చు బాగా తెలుసు. మన దగ్గర సొంత డ్యామేజీ భాగానికి, అంటే మన బండికి జరిగే నష్టం కోసం కట్టే ప్రీమియానికి, 2007 జనవరి 1న టారిఫ్ ఎత్తేశారు. అయినా లైసెన్సున్న ఎవరైనా నడపవచ్చన్న పద్ధతి చెక్కుచెదరలేదు. ఒక్క కారుతో ఇంటిల్లిపాదీ గడిపే మన కుటుంబాలకు ఇది పెద్ద మేలు.

1983 డిసెంబరులో మారుతి 800 కారు రావడంతో ఇలాంటి కుటుంబాలు పెరిగాయి. 1988లో కొత్త మోటారు వాహనాల చట్టం చేసి, 1989 జూలై 1 నుంచి అమలుచేశారు. కారుకు పద్దెనిమిదేళ్లు నిండాలి. యాభై సీసీ లోపు మోటారు సైకిలుకు పదహారు చాలు, లూనా మోపెడ్ల కాలం కదా. అంతకుముందు ఏ రాష్ట్రం నియమాలు ఆ రాష్ట్రానివి. 1989లో కేంద్ర నియమాలు వచ్చి లెర్నర్ లైసెన్సు, అంటే ఎల్‌ఎల్‌ఆర్ షరతులు దేశమంతటికీ ఒకటయ్యాయి.

ఆ 3వ నియమాన్ని దగ్గరగా చూడండి. ఎల్‌ఎల్‌ఆర్ చేతిలో ఉండాలి, దాని గడువు ఆరు నెలలు. లైసెన్సున్న మనిషి పక్కనే కూర్చోవాలి, అదీ బండిని అదుపు చేయగలిగేలా, ఆపగలిగేలా. ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ ఉండాలి. పలక కనీసం పద్దెనిమిది సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు పది, మందం రెండు, అడుగున వెడల్పు తొమ్మిది. డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటు కిందా బ్రేకు, క్లచ్చీ ఉంటాయి. ఇంటి కారులో ఉండవు. ఎడమ సీట్లో కూర్చున్న నాన్నకు అందేది మధ్యలో ఉన్న హ్యాండ్‌బ్రేకు ఒక్కటే. ఆయన కుడిచేయి దాని మీదే ఉండాలి, ఫోను మీద కాదు.

మరి ఎల్‌ఎల్‌ఆర్ లైసెన్సు కిందికి వస్తుందా? రాదని కంపెనీలు వాదించేవి. మా ఆఫీసూ అంతే. ఆ వాదనకు బలయ్యేది తప్పుచేసిన ఇల్లు కాదు, రోడ్డు పక్క సైకిలు తొక్కుకుంటూ వెళ్లే కూలి మనిషి. 1987లోనే స్కాండియా కేసులో సుప్రీంకోర్టు దారి చూపింది. డ్రైవరు ఇంజను ఆపకుండా ఫలహారం తేవడానికి దిగితే, క్లీనరు లారీ కదిలించి ప్రమాదం చేశాడు. లైసెన్సున్న డ్రైవరుకే బండి అప్పగించిన యజమాని షరతు మీరినట్టు కాదని కోర్టు తేల్చింది. 2004 జనవరిలో స్వరణ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకా స్పష్టంగా చెప్పింది. లెర్నర్ లైసెన్సూ చట్టం ఇచ్చిన లైసెన్సే, అది ఉన్నవాళ్లు నడుపుతుండగా ప్రమాదం జరిగితే కంపెనీ కట్టాల్సిందే. ఆ తీర్పు మా ఆఫీసుకు చేరాక ఎన్నో ఫైళ్ల మీద రాసిన అభ్యంతరాలు కొట్టేశాం. సంతోషంగా చేసిన పని అది.

లైసెన్సే లేని మైనరు సంగతి వేరు. మేనల్లుడు మోటారు సైకిలు తీసుకెళ్లి చేసిన ప్రమాదం మీద 2011లో సుప్రీంకోర్టు తీర్పు ఇలా ఉంది. బాధితులకు కంపెనీ ముందు కట్టాలి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. 2019 సెప్టెంబరు 1న మోటారు వాహనాల చట్టంలో 199ఎ సెక్షన్ అమల్లోకి వచ్చింది. మైనరు నేరం చేస్తే సంరక్షకుడికో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, పాతికవేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు, ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు.

క్లెయిము ఫారంలో 'ప్రమాద సమయంలో నడుపుతున్నవారి పేరు, వయసు, లైసెన్సు నంబరు' అని ఒక గడి ఉంటుంది. పెన్ను అక్కడే ఆగేది. 'నేనే నడుపుతున్నానని రాస్తానమ్మా, వాడి చదువు పాడవుతుంది' అని బతిమాలిన తండ్రులున్నారు. ఆస్పత్రి గాయాల సర్టిఫికెట్టులో, పోలీసు ఛార్జిషీటులో కొడుకు పేరు ఉండనే ఉంటుంది. అబద్ధం బయటపడితే, నిజం చెబితే దక్కాల్సినదీ దక్కదు. కొందరి పిల్లలకు ఎల్‌ఎల్‌ఆర్ ఉంది, పక్కన పెద్దమనిషీ ఉన్నాడు. భయంతో దాచి చేజేతులా నష్టపోయారు.

ఇంకొక సంగతి. పాలసీతోపాటు తీసుకునే పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానికి మాత్రమే వర్తిస్తుంది. పిల్ల నడిపేటప్పుడు ఆమెకు దెబ్బ తగిలితే అది వర్తించదు. కారు యజమాని కాని డ్రైవరుకు, ప్రయాణికులకు విడిగా కవరు తీసుకోవచ్చు. రెన్యువల్ నాడు అడిగి ఆ నాలుగు రూపాయలు కట్టండి.

ఈ చరిత్రలో చట్టం మొదట చూసుకున్నది కారులో కూర్చున్నవాళ్లను కాదు, రోడ్డు మీద ఉన్నవాళ్లను. ఆ తర్వాతే నేర్చుకునే పిల్లలకు చోటిచ్చింది. ఎల్‌ఎల్‌ఆర్, పక్కన లైసెన్సున్న మనిషి, ముందూ వెనకా ఎల్ బోర్డు, ఈ మూడూ ఉంటేనే తాళంచెవి ఇవ్వండి. ఒక్కటి లేకపోయినా ఇవ్వకండి, పిల్ల అలిగినా సరే.