బొల్లి మచ్చలను రోగి తానే కొలుచుకొను విధము



మా నెల్లూరు తీరమున జాలరులు నీటి లోతును బారలతోను, వలను మూరలతోను కొలుతురు. మనుష్యశరీరమే మన పూర్వులకు కొలబద్ద. తన యొంటిమీది తెల్లమచ్చల విస్తీర్ణమును రోగి ఆ కొలబద్దతోనే కొలుచుకొను పద్ధతి నేడు వైద్యశాస్త్రమున స్థిరపడినది. దాని చరిత్రను మీకు మనవి చేసెదను.

బొల్లికి సంస్కృతమున శ్విత్రమనియు, కిలాసమనియు పేళ్లు. అథర్వవేదము మొదటి కాండమున 23, 24 సూక్తములు కిలాసమును పోగొట్టు నోషధులను గూర్చినవి. మనుస్మృతి మూడవ యధ్యాయము వివాహమునకు వర్జ్యములగు కుటుంబములను చెప్పుచు, శ్విత్రమును కుష్ఠమును వేర్వేరు పేళ్లతో పేర్కొనియు, ఒక్క వరుసలోనే యుంచినది. ఆ వరుస మన పల్లెలను నేటికిని పూర్తిగా విడువలేదు. పెండ్లి కావలసిన పిల్ల మోచేతిమీద రూపాయంత తెల్లమచ్చ కనబడినచో, వైద్యుని మాటకంటె ముందుగా కుష్ఠు అను మాట ఊరు దాటుటను నేనెరుగుదును.

సుశ్రుతుడు కిలాసమును కుష్ఠవర్గముననే చేర్చియు, రెంటికిని భేదమును స్పష్టముగా చెప్పినాడు. కిలాసము చర్మమునకు మాత్రమే పరిమితము. దానినుండి రసి కారదు. మచ్చలు ఒకదానితో నొకటి కలిసిపోయినను, శరీరపు కొసలయందు పుట్టినను, మచ్చలోని వెండ్రుకలు రంగు మారినను వ్యాధి అసాధ్యమని యాయన నిర్ణయము. పెదవులయందును, వ్రేళ్ల కొసలయందును, వెండ్రుకలు నెరసిన మచ్చలయందును రంగు తిరిగి వచ్చుట కష్టమని నేటి వైద్యులును చెప్పుచున్నారు.

కుష్ఠునకు కారణమగు సూక్ష్మజీవిని నార్వే దేశీయుడగు హాన్సెన్ 1873లో కనుగొనెను. బొల్లికి అట్టి సూక్ష్మజీవి లేదు. శరీరమును కాపాడవలసిన శక్తియే దారితప్పి, చర్మమునకు రంగునిచ్చు కణములను నశింపజేయుటవలన మచ్చ యేర్పడును. ఇది అంటువ్యాధి కాదు. కుష్ఠుమచ్చలో సాధారణముగా స్పర్శ తగ్గును; బొల్లిమచ్చలో స్పర్శ చెడదు.

ఇక కొలత సంగతి. కాలినగాయముల విస్తీర్ణమును లెక్కించుటకై శరీరమును తొమ్మిదేసి పాళ్లుగా విభజించు సూత్రమును ఎడింబరో వైద్యుడు వాలేస్ 1951లో ప్రకటించెను. వ్రేళ్లు కలిపియుంచిన రోగి యరచేయి యతని శరీరములో సుమారు నూరవ పాలను లెక్కయు వాడుకలోనికి వచ్చినది. కెనడాలోని వాంకూవరు వైద్యులు 2004లో ఈ చేతి లెక్కను బొల్లికి అన్వయించి, మచ్చ ఎంత తెలుపెక్కినదో కూడ గణించు పద్ధతి నేర్పరచిరి. బెల్జియములోని ఘెంటు నగర వైద్యులు 2016లో వైద్యులకును, 2017లో రోగులకును బొమ్మల పట్టికలు రచించిరి. ఒక్కొక్క యవయవమునకు కొన్ని బొమ్మలుండును. తన మచ్చను పోలిన బొమ్మను రోగి యేరుకొనును.

పట్టిక లేనివారికి అరచేయి చాలును. పగటి వెలుతురున, అద్దము సాయముతో, ఎన్ని యరచేతులంత మచ్చ యున్నదో లెక్కించి తేదీతో వ్రాసికొనవలెను. మూడు నెలల కొకసారి అట్లే చూడవలెను. సూక్ష్మముగా లెక్కించినవారు అరచేయి నూరవ పాలుకంటె కొంచెము తక్కువే యని తేల్చిరి. అయినను ప్రతిమారును అదే చేతితో కొలిచినచో, హెచ్చుతగ్గులు తెలియుటకు లోపముండదు. బిడ్డకు బిడ్డ చేయియే కొలత. తండ్రి చేయి పనికిరాదు. వస్త్రముల చాటున నున్న మచ్చలను చూపుటకు సిగ్గుపడు స్త్రీలకు ఈ పద్ధతి మిక్కిలి యుపకారి. మందు పనిచేయుచున్నదో, వ్యాధి వ్యాపించుచున్నదో వైద్యునికి ఆ చీటియే చెప్పును.

బావంచాలు నూరి పూసికొని ఎండలో నిలుచుట మనలో పాత చికిత్స. ఆ గింజలలో ఎండతో కలిసి పనిచేయు పదార్థము గల మాట నిజమే. కాని మితి తప్పినచో చర్మము బొబ్బలెక్కును. వైద్యుని యాజ్ఞ లేక చేయరాదు.

పెద్దలారా, 1955 నాటి హిందూ వివాహచట్టము కుష్ఠును విడాకులకు కారణముగా చెప్పెను. 2019లో దానినిగూడ తొలగించిరి. బొల్లి ఆ చట్టములో కారణముగా నెన్నడును లేదు. సంబంధము మాటలాడునపుడు మీ నోట వచ్చు మాటకు ఊరిలో విలువ గలదు. మచ్చగల పిల్లను చూచి ఎవరైన కుష్ఠు అనినచో, ముందు వైద్యునికి చూపుడని మీరు చెప్పవలెనని నా ప్రార్థన.