ఊరి వీధి, వాడ నడక

రాజులు రోడ్లు వేయించారని, చెట్లు నాటించారని చదువుకున్నాం. ఆ రోడ్ల మీద ఎవరు నడవకూడదో మాత్రం పాఠంలో లేదు. నడక మనిషి ఇష్టమంటారు. కాదు, నేలను ఎవరెట్లా పంచుకున్నారో దాన్ని బట్టే కాళ్లు ఎటు పోవాలో తేలింది.

మన పల్లెలే చూడండి. గుడి, మంచినీళ్ల బావి, బడి, కిరాణా కొట్టు ఊళ్లో. వాడ పొలిమేరలో, చాలాచోట్ల పల్లంలో. వాడోళ్లు ఏ పనికైనా ఊరి వీధిలోంచే పోవాలి. ఊరోళ్లకు వాడలో పనేముంది, కూలికి పిలవడానికి తప్ప. వీధి మొదట్లోనే చెప్పులు చేతిలోకి వచ్చేవి. ఆ చెప్పులు కుట్టిన మాదిగ కూడా అట్లాగే నడవాలి. ఇది భరించలేనోళ్లు పొలంగట్ల మీదుగా చుట్టు తిరిగిపోయారు. నీళ్లకుండతో ఆ చుట్టుదారి నడిచింది ఎక్కువగా ఆడోళ్లే. దానికి పెద్దలు పెట్టిన పేరు ‘అలవాటు’!

తిరువాన్కూరులో ఈ అలవాటుని 1893లోనే అయ్యంకాళి ధిక్కరించాడు, నిషేధించిన బాటలో ఎడ్లబండి తోలి. తర్వాత వైకోం. అక్కడ గుడి చుట్టూ ఉన్న రోడ్లలో క్రైస్తవులు, ముస్లింలు నడవొచ్చు, అవర్ణులు నడవకూడదు. 1924 మార్చి 30న పులయ, ఈళవ, నాయర్ కులాల నుంచి ఒక్కొక్కరు కలిసి ముగ్గురు నిషేధపు పలకను దాటబోయి అరెస్టయ్యారు. పోరాటం ఇరవై నెలలు సాగింది. 1925 నవంబరులో దక్కినవి మూడు దిక్కుల రోడ్లే. తూర్పు రోడ్డు సవర్ణులకే మిగిలింది. అడిగింది గుడి కాదు, గుడి పక్క రోడ్డు. అదీ పూర్తిగా ఇవ్వలేదు.

రోడ్డు మీద అంటరానితనం పాటించడాన్ని 1955 చట్టం నేరమంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ‘ఆనవాయితీగా ఉన్న’ దారి హక్కును అడ్డుకోవడం నేరమంది. ఇక్కడే తిరకాసుంది. అడ్డుకోవడమే ఆనవాయితీ అయిన ఊళ్లో ఏ హక్కు చూపించాలి? 2016 జనవరి 26న అమల్లోకొచ్చిన సవరణ శ్మశానాన్నీ ఉమ్మడి వనరుల్నీ ‘ఇతరులతో సమానంగా’ వాడుకోవడం అని రాసింది; రోడ్డునూ దారినీ కూడా పేర్కొంది. ఆనవాయితీ మాట మాత్రం పక్క క్లాజులో అట్లాగే ఉంది.

దారి చరిత్ర రాయాలంటే శాసనాలొక్కటే చాలవు. గ్రామ సర్వే పటం తీసుకుని వాడకు పోవాలి. పటంలోని డొంక ఇప్పుడు ఎవరి పొలంలో కలిసిందో, శవాన్ని ఏ గట్టు మీద మోశారో అక్కడి ముసలమ్మల్ని అడిగి గీత గీయాలి.