యానాది గుడిసె నుంచి స్లాబు ఇంటి దాకా: మన ఇళ్ల చల్లదనం కథ

1909లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. ఏడో సంపుటంలో మన యానాదుల గుడిసెల ముచ్చట ఉంది. వెదురు, తాటాకు, గడ్డి, చొప్పతో వేసిన పొట్టి గుడిసెలనీ, పెద్దవాళ్లు వంగి దూరాల్సినంత చిన్న వాకిలనీ, వంటా తిండీ నిద్రా ఎక్కువగా బయటేననీ రాశాడు. ఏదో మోటుగా కట్టుకున్నారన్న చిన్నచూపు ఆ రాతలో కనిపిస్తుంది. అయినా చూసింది చూసినట్టు రాశాడు కాబట్టి ఈనాడు మనకు పనికొస్తోంది.

ఆ గుడిసె ఎందుకు అలా ఉండేదో మన పెద్దలను అడిగితే చెబుతారు. గడ్డి పొరల మధ్య గాలి నిలుస్తుంది, అందుకే పైన కాసే ఎండ వేడి లోపలికి తొందరగా దిగదు. చూరు మోకాలి ఎత్తుకు వాలి ఉంటే గోడకు ఎండ తగలదు. గుండ్రంగా, కొనదేరి ఉన్న కప్పు మీద సముద్రపు గాలి నిలబడి తన్నదు, జారిపోతుంది. ఎండాకాలం పొయ్యి బయట ఉంటుంది. వానకూ చలికీ లోపలికి వస్తుంది. అప్పుడు చిన్న వాకిలి లోపలి వెచ్చదనాన్ని పోనివ్వదు, పొయ్యి పొగ కప్పులోని పురుగును చంపుతుంది. ఒకే ఇల్లు ఎండకు చల్లగా, చలికి వెచ్చగా ఉండేది.

అయితే అది ఊరికే ఉండేది కాదు. ఏటా చాకిరీ చేయాలి. సంక్రాంతి దాటాక తాటాకు కొట్టి, ఎండబెట్టి, రాళ్లు పెట్టి చదును చేసేవాళ్లు. ఉగాది లోపల పాత కప్పు దించి, పుచ్చిన వాసాలు మార్చి, కొత్త ఆకు పరిచి నారతో కట్టేవాళ్లు. ఒక ఇంటి కప్పుకు నాలుగిళ్ల వాళ్లు వచ్చేవాళ్లు. కూలి ఉండదు, మధ్యాహ్నం సంగటి ఉంటుంది. ఎరుకల వాళ్లు అల్లిన తడికలు, ఈత చాపలు ఇంట్లోకి వచ్చేవి. పడమటి మండలాల సుగాలి తండాల్లో బోదగడ్డి కొట్టాలకూ ఇలాంటి పనే. మరమ్మతుకు కావలసిన సరుకు అడవిలో ఉంది, పనితనం మన చేతిలో ఉంది.

ఉన్నవాళ్లు చల్లదనాన్ని వేరే దారిలో సంపాదించుకున్నారు. చంద్రగిరి రాజమహల్‌ను కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో మందపాటి గోడలు లేపి కట్టారు. దొరలు బంగళాల్లో పంకాలు వేలాడదీసి, వాటిని లాగడానికి కూలీలను పెట్టుకున్నారు. అమెరికా నుంచి ఓడల్లో వచ్చే మంచుగడ్డలు దాచడానికి 1842లో మద్రాసు సముద్రం ఒడ్డున ఐస్ హౌస్ కట్టారు. కడప కలెక్టరు హార్స్‌లీ 1870 ప్రాంతంలో మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ మీద వేసవి ఇల్లు కట్టుకున్నాడు. కొండకు ఆయన పేరే నిలిచింది.

ఇదే కాలంలో మన సరుకుకు అడ్డం వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులు రిజర్వు అయ్యాయి. వెదురు, వాసం, గడ్డి కోసుకోవడానికి అనుమతి కావాల్సి వచ్చింది. 1969లో ఇప్పటి తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరులో మొదటి చిన్న రాకెట్ అక్కడి నుంచి ఎగిరింది. దేశానికి అది గర్వం. తరతరాలుగా ఆ దీవి అడవిలో తిరిగిన యానాదులకు మాత్రం ఇష్టమైన చోట గుడిసె వేసుకునే వీలు పోయింది.

తర్వాత పక్కా ఇళ్లు వచ్చాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ, 1985లో ఇందిరా ఆవాస్ యోజన, 2006లో ఇందిరమ్మ ఇళ్లు. వీటిని తక్కువ చేసి మాట్లాడకూడదు. గుడిసెకు నిప్పంటుకుంటే గూడెం మొత్తం కాలిపోయేది. తుఫానుకు కప్పు లేచిపోయేది, పాములు చూరులో ఉండేవి. స్లాబు ఇంటితో పట్టా, కరెంటు మీటరు, చిరునామా వచ్చాయి. గుడిసెలోళ్లని పిలిచే నోళ్లు కొంత మూతపడ్డాయి. మళ్లీ గుడిసెలకు పోదామని ఎవరూ అనరు, నేనూ అనను.

కానీ స్లాబు పగలంతా ఎండను తాగి, రాత్రంతా ఇంట్లోకి వదులుతుంది. రేకుల ఇల్లయితే పగలు నిలవలేము. గుడిసె వాళ్లు ఆ వేడికి బయట పడుకునేవాళ్లు. ఇప్పుడు ఆ బయలు ఏది? 2020 డిసెంబరులో శ్రీకాళహస్తి దగ్గర ఊరందూరులో పట్టాలు పంచారు. ఆ పథకంలో కొలత పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. ఇల్లు కట్టాక నులకమంచం వేసుకునే జాగా మిగలడం కష్టం. 2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలో 1,300 మందికి పైగా చనిపోయారని ప్రభుత్వమే లెక్క చెప్పింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఇప్పుడు ఇంటి లోపలికీ వర్తిస్తోంది.

మరమ్మతు సంగతి ఇంకా కష్టం. పులికాట్ చుట్టుపక్కల ఉప్పుగాలికి స్లాబులో కమ్మీ తుప్పు పడుతుంది, ఉబ్బుతుంది, సిమెంటు పెళ్లలు ఊడి కింద పడతాయి. తాటాకు మార్చినట్టు దాన్ని నలుగురు కలిసి మార్చలేరు. సిమెంటు కొనాలి, మేస్త్రీకి కూలి ఇవ్వాలి. మా కాలనీ వాళ్లు సాయం అడగడానికి ఒక కార్యాలయానికి పోతే, "మీకు ఒకసారి ఇల్లు వచ్చింది కదా" అని పంపేశారు. ఇల్లు చేతికి వచ్చింది గానీ దాన్ని బాగుచేసుకునే శక్తి చేయి జారింది. నూరేళ్ల ఈ చరిత్రలో మనం గుర్తించాల్సింది ఇదే.

ఇంకో సంగతి చూడండి. సత్యవేడు, వరదయ్యపాళెం, తడ మండలాల్లో 2008లో మొదలైన శ్రీసిటీ ఇప్పుడు ఏసీలకు పెద్ద స్థావరం. డైకిన్, బ్లూస్టార్, హావెల్స్ వారి లాయిడ్ అక్కడ ఏసీలు తయారుచేస్తున్నాయి. ఆ మండలాల్లోనే యానాది కాలనీలున్నాయి. దేశానికి చల్లదనం పంపే జిల్లాలో మన పిల్లలు టేబుల్ ఫ్యాను ముందు చెమటలు కక్కుతూ చదువుకుంటున్నారు.

చేయగలిగినవి మన చేతిలో కొన్ని ఉన్నాయి. ఫాల్గుణంలో, ఎండలు ముదరక ముందే, స్లాబు కడిగి సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేస్తే ఎండ చాలావరకు తిరిగి పైకి పోతుంది. వానలకు పోతుంది కాబట్టి ఏటా వేయాలి. పాత కప్పు పని లాగే నాలుగిళ్లు కలిసి వేసుకోవచ్చు. పడమటి గోడకు తాటాకు పందిరి, దాని పక్కన ఒక వేప మొక్క. ఎదురెదురు కిటికీలు మూయకుండా ఉంచుకోవాలి. పక్క రాష్ట్రం తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. మన కాలనీలకూ అలాంటిది కావాలని గ్రామసభలో తీర్మానం రాయించాలి. అందులో కొత్త ఇళ్లతో పాటు పాత ఇళ్ల మరమ్మతు ఖర్చు కూడా అడగాలి.

పదో తరగతి దాటిన పిల్లలకు ఐటీఐలో ఫ్రిజ్, ఏసీ మెకానిక్ కోర్సు రెండేళ్లు ఉంది. ఆ కోర్సులో మన పిల్లలూ చేరాలి. చిన్న తరగతుల పిల్లల చేత ఇంట్లో ముసలివాళ్లను అడిగించి నిట్రాడు, వాసం, చూరు, తడిక, నార అని గుడిసె భాగాల పేర్లు, ఏ పని ఏ నెలలో చేసేవాళ్లో నోటు పుస్తకాల్లో రాయించాలి. ఆ పని తెలిసిన ముసలివాళ్లు ప్రతి కాలనీలోనూ ఇంకా ఒకరిద్దరు ఉన్నారు.