తోళ్ల వాడలో వెలిగిన పొయ్యి: కలకత్తా చైనా భోజనశాలల చరిత్ర

నేడు భారతదేశంలో ఏ ఊరి వీధిలోనైనా 'చైనీస్' అన్న పేరుతో వడ్డించే నూడుల్స్, ఫ్రైడ్ రైస్, మంచూరియాల పుట్టుపూర్వోత్తరాలను వెతుక్కుంటూ వెళితే ఆ జాడ కలకత్తా నగరంలోని రెండు పేటల దగ్గర ఆగుతుంది. నగరం నడిబొడ్డున ఉన్న టిరెట్టా బజార్ ఒకటి. తూర్పు అంచున, ఒకప్పటి చిత్తడి నేలల మీద లేచిన టాంగ్రా రెండవది. ఈ పేటలలోని చిన్న భోజనశాలల కథను వంటల కథగా మాత్రమే చదివితే అందులో సగమే తెలుస్తుంది. వడ్రంగం, జోళ్లు కుట్టడం, తోళ్లు పదునుచేయడం వంటి వృత్తులతోనూ, ఒక యుద్ధంతోనూ, ఒక న్యాయస్థానపు తీర్పుతోనూ ఆ పొయ్యిలు ముడిపడి ఉన్నాయి. ఒక్కొక్క వృత్తి చేజారినప్పుడల్లా ఆ చిన్న సముదాయాన్ని ఆదుకున్నది వంట. అందుకే ఈ భోజనాన్ని 'అసలు చైనా వంట కాదు' అని తేలికగా తీసిపారేసే మాట చరిత్ర తెలియని మాటగా మిగులుతుంది.

చైనాతో భారతదేశపు పరిచయం భోజనశాలలకంటే చాలా పాతది. పట్టువస్త్రానికి తెలుగులో స్థిరపడిన 'చీనాంబరం' అన్న పేరు, రాయలసీమ రైతులు బత్తాయిని పిలిచే 'చీనీ' అన్న పేరు ఆ పాత సంబంధానికి భాషలో నిలిచిన గుర్తులు. అయితే చైనావారు వచ్చి ఇక్కడ స్థిరపడడం ఈస్టిండియా కంపెనీ కాలంలో జరిగింది. 18వ శతాబ్ది చివరి పాదంలో, వారెన్ హేస్టింగ్స్ గవర్నర్ జనరల్‌గా ఉన్నప్పుడు, తోంగ్ ఆచ్యూ అనే చైనా వర్తకుడు కలకత్తాకు దిగువన, బజ్‌బజ్ సమీపంలో హుగ్లీ నది ఒడ్డున భూమి పొంది, స్వదేశం నుంచి పనివారిని రప్పించి, చెరకు తోట వేసి చక్కెర తయారీ మొదలుపెట్టాడు. అతడు ఎక్కువకాలం బతకలేదు. చక్కెర పనీ నిలవలేదు. పనివారు ఉపాధి కోసం నగరానికి చేరుకున్నారు. ఆచ్యూ పేరు మాత్రం ఆ పల్లెకు 'ఆచీపూర్' అన్న రూపంలో మిగిలింది. చైనా నూతన సంవత్సరం వచ్చినప్పుడు కలకత్తా చైనా కుటుంబాలు నేటికీ అక్కడికి వెళ్లి, గుర్రపు లాడం ఆకారంలో ఎర్రరంగు వేసి ఉన్న అతని సమాధి వద్ద అగరువత్తులు వెలిగించి, తినుబండారాలు నివేదన చేసి వస్తాయి.

నగరంలో వారు చేరిన చోటు టిరెట్టా బజార్. ఎడ్వర్డ్ టిరెట్టా అనే ఇటలీ దేశస్థుడు ఒకప్పుడు ఆ బజారుకు యజమాని కావడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. వచ్చినవారందరూ ఒకే జాతివారనుకోవడం పొరపాటు. వారిలో చాలామంది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డోంగ్ రాష్ట్రం నుంచి వచ్చినవారే అయినా, కాంటన్ ప్రాంతంవారిది ఒక భాష, హక్కాలది మరొక భాష. ఇక మధ్య చైనాలోని హుబేయి వారు పూర్తిగా వేరు. 'హక్కా' అన్న మాటకు 'అతిథి కుటుంబం' అని అర్థం. ఉత్తరం నుంచి తరతరాలుగా దక్షిణానికి వలసవస్తూ, ఏ ఊళ్లో స్థిరపడినా ఆ ఊరివారికి పరాయివారుగానే మిగిలిన జనానికి ఇరుగుపొరుగువారు పెట్టిన పేరది. మన దేశంలో కులానికొక వృత్తి ఉన్నట్టే కలకత్తా చైనావారిలో ప్రాంతానికొక వృత్తి ఏర్పడింది. కాంటన్‌వారు ఓడల రేవులోనూ, బౌబజార్‌లోనూ వడ్రంగులయ్యారు. హుబేయివారు పళ్ల వైద్యులయ్యారు. హక్కాలు బెంటింక్ వీధిలో జోళ్ల దుకాణాలు పెట్టారు. ఒక్కొక్క ప్రాంతంవారికి ఒక్కొక్క సంఘం, ఆ సంఘానికొక గుడి ఉండేవి. ఆ గుళ్లను కలకత్తాలో 'చర్చి' అని పిలవడం అలవాటైంది.

తొలినాటి భోజనశాల ఈ సంఘాల నీడలోనే పుట్టింది. భార్యాపిల్లలను స్వదేశంలో వదిలి వచ్చిన మగవారికి రెండు పూటలా వేడిగా అన్నమో, గోధుమపిండి సేమ్యాలో దొరికే చోటు కావాలి. ఆ అవసరానికి పుట్టిన పూటకూళ్ల ఇళ్లే వీటికి మూలం. 1920లలో టూంగ్ ఆన్ చర్చి కింది అంతస్తులో నాన్‌కింగ్ అనే పెద్ద భోజనశాల వెలిసి, బెంగాలీ బాబులకూ, తెల్లదొరలకూ, ఆ తర్వాత సినీతారలకూ చైనా వంట రుచి చూపించింది. అది చాలాకాలం క్రితమే మూతపడినా, పైనున్న గుడి మిగిలే ఉంది. గణేశ్ చంద్ర అవెన్యూలో పెట్రోలు బంకు పైమేడ మీద దాదాపు అదే కాలంలో ఒక కుటుంబం తెరిచిన 'ఓ చూ' మరొక రకానికి ఉదాహరణ. అక్కడ నడుమ బొగ్గులు నింపిన గొట్టమున్న లోహపాత్రలో, బల్లమీదనే కుతకుతలాడుతూ వచ్చే 'చిమ్నీ సూప్' ప్రసిద్ధి. నాన్‌కింగ్ వంటి పెద్దవి కొన్ని ఉన్నా, చైనా వంటను పేటవారికి అలవాటు చేసిన ఘనత 'ఓ చూ' వంటి ఇంటివారి హోటళ్లకు దక్కుతుంది. భర్త వంటగదిలో, భార్య గల్లా దగ్గర, బడినుంచి వచ్చిన పిల్లలు ఒక మూల బల్లమీద చదువుకుంటూ ఉండే ఆ పద్ధతిలో జీతాల ఖర్చు తక్కువ గనుకనే వారు తక్కువ ధరకు వడ్డించగలిగారు.

టాంగ్రా కథ ఇంతకంటే కష్టమైనది. 1910 ప్రాంతంలో హక్కాలు నగరం వెలుపలి చవిటి నేలల్లో టానరీలు, అంటే పచ్చితోళ్లను పదునుచేసే కర్మాగారాలు, నెలకొల్పడం ఆరంభించారు. చచ్చిన పశువు చర్మాన్ని ముట్టడం అపవిత్రమని అగ్రవర్ణాలు దూరంగా ఉండిపోవడంతో, పెట్టుబడి పెట్టగలిగి, అలాంటి అంటు పట్టింపు లేని హక్కాలకు ఆ పరిశ్రమలో పోటీ తగ్గింది. రెండు ప్రపంచ యుద్ధాలలో సైన్యానికి కావలసిన బూట్లు, జీనులు, బెల్టులు ఆ పరిశ్రమను పెంచాయి. తోళ్లకు పట్టించే సున్నం, ఉప్పు, క్రోమియం కలిసిన నీళ్లు వీధి కాలువల్లో పారుతూ, కుళ్లిన మాంసపు వాసన ఎప్పుడూ వీడని ఆ వాడలోకి బయటివారు పనిలేకుండా అడుగుపెట్టేవారు కాదు. పగలు టానరీలో బిహారీ కూలీలతో కలిసి పనిచేసిన యజమానులు సాయంత్రం గుమిగూడి తినడానికీ, తాగడానికీ, మాజాంగ్ పలకలు ఆడడానికీ ఏర్పాటైన చిన్న చిన్న వంటశాలలే టాంగ్రా హోటళ్లకు ఆది. పదార్థాల పట్టికలు వాటిలో ఉండేవి కావు. ఆ రోజు పొయ్యిమీద ఏముంటే అదే భోజనం.

ఇంటి వంటకూ హోటలు వంటకూ మధ్య తేడా ఇక్కడే మొదలైంది. హక్కాలు ఇళ్లలో వండుకునేవి ఊరబెట్టిన ఆవాకుతో ఉడికించిన పందిమాంసం, లోపల కూరిన టోఫు ముక్కలు, ఉప్పులో కప్పి కాల్చిన కోడి వంటివి. వాటిలో పచ్చిమిరపకు పెద్ద చోటు లేదు. పొరుగువాడి కోసం వండినప్పుడు మాత్రం పచ్చిమిరప, అల్లం, వెల్లుల్లి, ఉల్లిపాయ మోతాదు మించి వచ్చి చేరాయి. హోటలులో చౌమీన్ చేసే తీరు చూస్తే ఈ మార్పు కళ్లకు కడుతుంది. 'చౌ' అంటే వేయించడం, 'మీన్' అంటే గోధుమపిండి సేమ్యాలు. మధ్యాహ్నమే సేమ్యాలను కొంచెం పలుకుగా ఉడికించి, చన్నీళ్లు పోసి వార్చి, నూనె రాసి వెడల్పు పళ్లెంలో ఆరబెడతారు. తడి ఉంటే అవి పెనానికి అతుక్కుంటాయి. సాయంత్రం గిరాకీ రాగానే గుండ్రటి అడుగున్న ఇనుప మూకుడు పొగలు కక్కేదాకా కాగిన తర్వాత నూనె వేసి మూకుడంతా తిప్పి, గుడ్డు చిదిపి, సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు విసిరి, ఆపై సేమ్యాలు వేసి, గరిట అంచుతోనే ఉప్పు, మిరియాలపొడి, సోయా సాస్ తీసుకుని, మూకుడును ఎగరవేస్తూ కలుపుతారు. కూరగాయ మెత్తబడకముందే, రెండు మూడు నిమిషాల్లో, పళ్లెం బల్ల చేరాలి. ఇంత తక్కువ సమయంలో, ఒకే పాత్రలో, ఒకే మనిషి చేయగలిగిన వంట గనుకనే ఇది తర్వాతి కాలంలో తోపుడుబండి మీదికి అంత సులువుగా ఎక్కగలిగింది.

1962 అక్టోబరులో భారత్, చైనాల మధ్య సరిహద్దు యుద్ధం మొదలవడంతో ఈ సముదాయపు బతుకు ఒక్కసారిగా తలకిందులైంది. అస్సాం, డార్జిలింగ్, షిల్లాంగ్ ప్రాంతాల నుంచి సుమారు 3,000 మంది చైనా సంతతివారిని, వారిలో ఇక్కడే పుట్టి పెరిగినవారిని, వృద్ధులను, పసిపిల్లలను సైతం, రైలెక్కించి రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. కొందరు 1967 వరకు అక్కడే బందీలుగా ఉన్నారు. కలకత్తాలో నిర్బంధం అంత విస్తృతంగా జరగకపోయినా, పోలీసుల వద్ద పేర్లు నమోదు చేయించుకోవడం, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవడం తప్పనిసరి అయ్యాయి. ఉద్యోగాలు పోయాయి, రేవులోని వడ్రంగం పోయింది. ఏ నేరమూ చేయని ప్రజలకు జరిగిన ఈ అన్యాయం గురించి పాఠ్యపుస్తకాలు నేటికీ మాట్లాడకపోవడం బాధాకరం. ఎందరో కెనడాకూ, ఆస్ట్రేలియాకూ, హాంకాంగ్‌కూ వెళ్లిపోయారు. ఉండిపోయినవారికి ఎవరి కొలువూ, ఎవరి అనుమతీ అంతగా అక్కరలేని వ్యాపారాలు కావలసి వచ్చాయి: స్త్రీలకు బ్యూటీ పార్లరు, పురుషులకు హోటలు, ఇంటి వెనుక సాస్ తయారీ. 1958లో మొదలైన పౌచోంగ్ వారి పచ్చిమిరపకాయ సాస్ సీసా బెంగాలీ ఇళ్లలోకి చేరి, చైనా హోటలు గడప తొక్కనివారికి కూడా ఆ రుచిని అలవాటు చేసింది.

వలస వచ్చిన ఈ వంట దేశమంతటా పాకడానికి కారణమైన పదార్థం బొంబాయిలో పుట్టింది, అయితే దాన్ని పుట్టించిన నెల్సన్ వాంగ్ కలకత్తాలో పెరిగినవాడే. 1970ల మధ్యలో బొంబాయిలోని క్రికెట్ క్లబ్‌లో వంట నడుపుతున్న వాంగ్, కొత్తగా ఏదైనా చేయమని అడిగినప్పుడు, పిండి ముంచి వేయించిన కోడిముక్కలకు అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరపల తాలింపు పెట్టి, గరం మసాలాకు బదులు సోయా సాస్ పోసి, మొక్కజొన్న గంజితో చిక్కబరిచి 'చికెన్ మంచూరియన్' అని పేరు పెట్టినట్టు చెప్పాడు. చైనా ఈశాన్యంలోని మంచూరియాకూ ఈ వంటకానికీ సంబంధం లేదు. అల్లం, వెల్లుల్లి, మిరపలను ముందుగా నూనెలో వేగనిచ్చే పద్ధతి మన వంటలకూ అలవాటైనదే; చివర్లో పిండి నీళ్లు పోసి నిగనిగలాడే జిగురు తేవడం చైనా పద్ధతి. అన్నంలో కలుపుకోవడానికి ఇగురో పులుసో లేనిదే ముద్ద దిగని దేశంలో ఈ రసం నిలదొక్కుకోవడంలో ఆశ్చర్యం లేదు. కోడికి బదులు కాలీఫ్లవర్ వేసిన తర్వాత శాకాహారుల ఇళ్లకూ దారి సుగమమైంది.

తెలుగు ప్రాంతాలకు ఇది రెండు దారుల్లో వచ్చింది. హైదరాబాదు, సికింద్రాబాదులలో స్థిరపడిన కొద్దిపాటి చైనా కుటుంబాల హోటళ్లు ఒక దారి. నేపాలు నుంచీ ఈశాన్య రాష్ట్రాల నుంచీ వచ్చి 'చైనీస్ మాస్టరు'గా కుదిరిన వంటవారు రెండవ దారి. వారి దగ్గర పని నేర్చిన స్థానిక యువకులు పెట్టిన 'ఫాస్ట్ ఫుడ్ సెంటర్', సాయంత్రపు నూడుల్స్ బండి నేడు మండల కేంద్రాలలో కూడా కనిపిస్తాయి. పేరు చివరి హల్లు జారిపోయి 'మంచూరియా' అయింది. పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, నిమ్మబద్ద చేరాయి. మాస్టరు చిటికెడు చల్లే 'టేస్టింగ్ సాల్ట్' చైనాది కాదు. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు నుంచి వేరుచేసిన రుచి అది, మరుసటి ఏడాది 'అజినమోటో' పేరుతో విపణిలోకి వచ్చింది.

టాంగ్రాకు చివరి దెబ్బ కాలుష్యం వల్ల తగిలింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కలకత్తా టానరీలన్నీ నగరం వెలుపలికి తరలిపోవాలని తీర్పు ఇచ్చింది. వాటికోసం బాన్‌తలాలో తోళ్ల పరిశ్రమల సముదాయం కేటాయించారు. గంగానది వ్యవస్థకు ఆ తీర్పు అవసరమే. అయినా మూడు నాలుగు తరాల పెట్టుబడిని పెకలించి కొత్త చోట నాటడం అందరికీ సాధ్యం కాలేదు. వెళ్లలేనివారు టానరీ గోడలకు సున్నం కొట్టి, తోళ్లు ఆరవేసిన విశాలమైన గదుల్లో బల్లలు వేశారు. ఒకప్పుడు ముక్కు మూసుకుని దాటిపోయిన నగరవాసులే ఇప్పుడు కుటుంబాలతో కార్లలో రావడం మొదలుపెట్టారు. ఆ వీధుల్లోనే ఉన్న చైనా కాళీ గుడిలో అమ్మవారికి నూడుల్స్, చాప్ సూయీ నైవేద్యం పెట్టి ప్రసాదంగా పంచుతారు. టిరెట్టా బజారులో మాత్రం తెల్లవారుజామున వీధిపక్క ఆవిరి గిన్నెలలో పంది మాంసపు బన్నులు, చేప ఉండల సూపు అమ్మే చైనా ఇల్లాళ్ల సంఖ్య ఏటేటా తగ్గుతూ, వారి స్థానంలో ఇతరులు కనిపిస్తున్నారు; ఒకప్పుడు పదివేలను మించిన నగర చైనా జనాభా నేడు కొద్ది వేలకు కుదించుకుపోయింది.

వెళ్లిపోయినవారు వంటను వెంట తీసుకుపోయారు. టొరంటో నగరంలో కలకత్తా హక్కా కుటుంబాలు తెరిచిన హోటళ్లలో చిల్లీ చికెన్, మంచూరియా, హక్కా నూడుల్స్ వండుతున్నారు. బల్లల ముందు కూర్చునేవారిలో అధికభాగం భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌ల నుంచి వలసవెళ్లినవారు, వారిలో తెలుగువారూ ఉన్నారు. చైనా భోజనానికి వెళదామనుకున్నవారు అక్కడ వేరే వీధికి వెళతారు. వీరు మాత్రం 'హక్కా తిందాం' అని చెప్పుకుని వస్తారు, ఆ మాటకు ఆ నగరంలో మిరపకాయ, వెల్లుల్లి ఘాటుతో కూడిన కలకత్తా వంట అనే అర్థమే స్థిరపడింది.