చిన్న కెమెరాలో ఫ్లాష్ ఉండాలా? చరిత్ర ఏం చెబుతోంది

మనలో కొందరు మిర్రర్‌లెస్ కెమెరా కొనాలని చూస్తున్నారు. ఫ్లాష్ లోపలే ఉన్నది కొనాలా, లేకున్నా నడుస్తుందా అన్నది అందరి ప్రశ్న. జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్దాం.

1887లో జర్మనీలో మెగ్నీషియం ఫ్లాష్ పౌడర్ తయారైంది. ఆ వార్త చదివిన న్యూయార్క్ విలేకరి జేకబ్ రీస్ దాంతో వలస కూలీల చీకటి గదుల్లో ఫొటోలు తీయించాడు, తానూ తీశాడు. 1890లో పుస్తకం వేశాడు. పేదల బతుకు నగరానికి కనబడింది, నిజమే. కానీ మొదట్లో ఆ మందును పిస్టల్‌తో పేల్చేవాళ్లు, జనం హడలిపోయేవాళ్లు. తర్వాత పెనంలో వెలిగించాడు, ఇళ్లకు నిప్పంటుకున్న సందర్భాలూ ఉన్నాయి. వెలుగు ఎప్పుడు వెయ్యాలో ఫొటో తీసేవాడిదే నిర్ణయం. ముఖం మాత్రం పేదోడిది.

1930 నాటికి ఫ్లాష్ బల్బు వచ్చింది. మంట భయం పోయింది గానీ ఒక్క ఫొటోకు ఒక్క బల్బు ఖర్చు. 1930లలో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ మళ్లీ మళ్లీ వెలిగే ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను అభివృద్ధి చేశాడు. 1975లో కోనికా సీ35 ఈఎఫ్ కెమెరా ఆ ఫ్లాష్‌ను తన ఒంట్లోనే పెట్టుకుని వచ్చింది. మామూలు కుటుంబం కూడా రాత్రిపూట తన ఇంటి ఫొటో తానే తీసుకోగలిగింది. మన దృష్టిలో అసలు మలుపు ఇదే.

2008లో వచ్చిన మొదటి మిర్రర్‌లెస్ పానసోనిక్ జీ1లో ఫ్లాష్ ఉంది. 2009లో ఒలింపస్ ఈ-పీ1లో తీసేశారు, 2010లో ఈ-పీఎల్1లో మళ్లీ పెట్టారు. 2019లో సోనీ 6400లో ఉంచి, అంతకన్నా ఖరీదైన 6600లో తీసేసింది. సెన్సర్లు చీకట్లోనూ బాగా చూస్తున్నాయి, ఫ్లాష్ తీస్తే చోటు మిగులుతుంది, పైగా చిన్న ఫ్లాష్ ముఖాన్ని చదునుగా చూపిస్తుంది అంటారు. ఈ మాటల్లో నిజం ఉంది.

అయితే సెన్సర్ వెలుగును పెంచి చూపగలదు గానీ, వెలుగు వచ్చే దిక్కును మార్చలేదు. మిట్టమధ్యాహ్నం గుస్సాడీ ఆడేటోళ్ల నెమలి ఈకల టోపీ కింద ముఖం నీడలో పడుతుంది. ఐఎస్ఓ పెంచితే ఆకాశం కూడా తెల్లబడిపోతుంది, ముఖం నీడ మాత్రం పోదు. అక్కడ చిన్న ఫ్లాష్ చాలు. 6400 ఫ్లాష్ గైడ్ నంబర్ 6. అంటే ఐఎస్ఓ 100, ఎఫ్2.8 దగ్గర రెండు మీటర్ల దాకా వెలుగు అందుతుంది. ఐఎస్ఓ 400కు నాలుగు మీటర్లు. పక్కన నిలబడ్డ మనిషికి అది సరిపోతుంది.

విడిగా ఫ్లాష్ కొనుక్కోవచ్చు కదా అంటారు. దానికి వేరే డబ్బు కావాలి, చాలావాటికి వేరే బ్యాటరీలు కూడా కావాలి. జాతరకు పోయినప్పుడు అది ఇంట్లోనే ఉండిపోతుంది. అందుకే మొదటి కెమెరా కొనేవాళ్లకు లోపలే ఫ్లాష్ ఉన్నది మేలని మేమంటాం.

ఒక్క మాట. నాగోబా మహాపూజ పుష్య అమావాస్య రాత్రి జరుగుతుంది. ఫ్లాష్ ఉంది కదా అని అక్కడ మెరిపించొద్దు, ముందు పెద్దల్ని అడగండి. రీస్ కాలంలో ఆ గదుల్లోని జనాన్ని చాలాసార్లు అడగకుండానే ఫొటో తీశారు. ఇప్పుడు కెమెరా మన చేతిలో ఉంది, అడగడం మన పని.