లెజియోనెల్లా ఎంజైములు

లెజియోనెల్లా న్యూమోఫిలా అనే బాక్టీరియా తనను చంపడానికి మింగిన భక్షక కణంలోనే కాపురం పెట్టి పెరుగుతుంది. అందుకు తోడ్పడే ఆయుధాలు దాని ఎంజైములే.

1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, ఒక హోటల్లో మాజీ సైనికుల మహాసభ జరిగింది. ఆ తర్వాత తీవ్రమైన న్యుమోనియాతో 221 మంది మంచాన పడ్డారు, 34 మంది చనిపోయారు. కారణమైన ఈ క్రిమిని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ శాస్త్రవేత్త జోసెఫ్ మెక్‌డేడ్ 1977 జనవరికల్లా గుర్తించారు.

భక్షక కణం మింగిన క్రిమి మొదట ఒక తిత్తిలో ఉంటుంది. ఆ తిత్తి జీర్ణ ఎంజైములున్న లైసోజోమ్‌తో కలిస్తే క్రిమి చస్తుంది. లెజియోనెల్లా ఉన్న తిత్తి మాత్రం అలా కలవడం లేదని 1983లో మార్కస్ హార్విట్జ్ చూపించారు. దీని వెనకున్న డాట్/ఐసీఎం అనే స్రావ వ్యవస్థ 1990లలో బయటపడింది. దీని గుండా బాక్టీరియా 300కు పైగా ప్రోటీన్లను కణంలోకి పంపుతుంది.

వాటిలో 2012లో వెల్లడైన రావ్‌జెడ్ అనే ఎంజైము గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. లోపలికొచ్చిన క్రిమిని పొరతో చుట్టి అరిగించే ప్రక్రియను ఆటోఫాజీ అంటారు. దీనికి ఎల్‌సీ3 అనే ప్రోటీన్, తన చివరనున్న గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ద్వారా, ఆ పొరకు అతుక్కోవాలి. కణంలోని ఏటీజీ4 ఎంజైము ఎల్‌సీ3ని పొర నుంచి విడదీసినా గ్లైసిన్‌ను అలాగే ఉంచుతుంది కనుక అది మళ్లీ పనికొస్తుంది. రావ్‌జెడ్ గ్లైసిన్‌కు ముందే కోస్తుంది. ఆ ఎల్‌సీ3 ఇక ఎన్నటికీ పొరకు అతుక్కోలేదు.

అంతకన్నా పెద్ద ఆశ్చర్యం 2016లో ఎదురైంది. ఒక ప్రోటీన్‌కు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను తగిలించాలంటే మన కణాలకు మూడు రకాల ఎంజైములు, శక్తినిచ్చే ఏటీపీ కావాలి. లెజియోనెల్లాలోని సిడ్‌-ఈ కుటుంబపు ఎంజైము ఎన్ఏడీ అనే అణువు సాయంతో ఒంటరిగానే ఆ పని చేస్తుందని పర్డ్యూ విశ్వవిద్యాలయంలోని జావో-చింగ్ లువో బృందం నిరూపించింది. సిడ్‌-ఈకి కళ్లెం వేసే సిడ్‌-జే అనే ఎంజైము కూడా ఆ బాక్టీరియాదే. మన కణాల్లోని కాల్‌మోడ్యులిన్ అనే ప్రోటీన్ తగిలితేనే సిడ్‌-జే మేల్కొంటుందని 2019లో తేలింది.

ఈ నేర్పంతా మనిషి మీద అలవడింది కాదు. నీటిలోని అమీబాల్లో ఈ బాక్టీరియా పెరుగుతుందని 1980లోనే టిమోతీ రౌబోథమ్ వెల్లడించారు. అమీబాలకూ మన భక్షక కణాలకూ పోలికలు ఎక్కువ.

ఈ ఎంజైములను అడ్డుకునే మందు ఇంకా వాడుకలోకి రాలేదు. కణం లోపలికి చేరగల అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి మందులతోనే నేటి చికిత్స సాగుతోంది.