శ్రీహరికోట నుండి దక్షిణమునకు వంపుదారి

దూరమున నున్న రెండు నగరముల మధ్య విమానదూరమును తెలిసికొనుటకు గోడపటముపై గీత గీచిన చాలదు. గ్లోబుపై దారము బిగించి చూడవలెను. హైదరాబాదు నుండి అమెరికాలోని చికాగోకు అట్లు బిగించిన దారము పడమరకు పోక, ఉత్తరధ్రువ ప్రాంతము మీదుగా పోవును. దాని పొడవు సుమారు 13,300 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్లు పోవు విమానమునకు అది దాదాపు 15 గంటల ప్రయాణము. భూమికి చేరువగా తిరుగు ఉపగ్రహమునకు అరగంట. కాని ఆ ఉపగ్రహమును కక్ష్యకు చేర్చు రాకెట్టునకు దగ్గరి దారి ఎల్లప్పుడును లభింపదు. శ్రీహరికోట చరిత్ర ఇందుకు మంచి నిదర్శనము.

పులికాట్ సరస్సునకు, బంగాళాఖాతమునకు నడుమనున్న ఈ దీవిని విక్రం సారాభాయి కాలమున, 1969లో, రాకెట్ కేంద్రమునకై ఎన్నుకొనిరి. తూర్పున విశాల సముద్రము ఉండుట మొదటి సౌకర్యము. రాలిపడు భాగములు జనావాసములపై పడవు. రెండవది భూభ్రమణము. భూమధ్యరేఖ పొడవు 40,075 కిలోమీటర్లు. దీనిని ఒక దినమందలి 86,400 సెకండ్లతో భాగించినచో, అచ్చటి నేల సెకండునకు 464 మీటర్ల వేగముతో తూర్పునకు తిరుగుచున్నదని తేలును. 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశముననున్న శ్రీహరికోటలో ఆ వేగము సుమారు 450 మీటర్లు. తూర్పునకు పోవు రాకెట్టునకు ఇది ఖర్చులేని సాయము. 1971 అక్టోబరు 9న ఇచ్చటినుండి తొలి పరిశోధక రాకెట్ ఎగిరినది. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రాకెట్ తూర్పుగా పోయి 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది.

అయితే పంటలను, అడవులను, నీటివనరులను పరిశీలించు ఉపగ్రహము భూమినంతటిని చూడవలెనన్న, ధ్రువముల మీదుగా తిరుగవలెను. శ్రీహరికోటకు ఉత్తరమున ఊళ్లున్నవి గనుక రాకెట్ దక్షిణముగానే పోవలెను. సూటిగా దక్షిణమున, 400 కిలోమీటర్లకు పైబడిన దూరమున, శ్రీలంక ఉన్నది. రాకెట్ విఫలమైనచో శకలములు అచ్చటి ప్రజలపై పడవచ్చును. ఇట్టి పరిశీలనకై మనవారు నిర్మించిన ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహమును 1988 మార్చి 17న బైకనూరు నుండి సోవియట్ రాకెట్ మోసికొనిపోయినది. మన రాకెట్టే ఆ పని చేయవలెనన్న ఈ చిక్కును విప్పక తప్పదు.

పి.ఎస్.ఎల్.వి. రూపకర్తలు వంపుదారిని ఎన్నుకొనిరి. రాకెట్ మొదట ఆగ్నేయముగా సముద్రముపై సాగి, శ్రీలంకను తప్పించుకొనిన పిదప దక్షిణమునకు మళ్లును. నేలపై బండి మలుపు తిరుగుటకు నేల రాపిడి సాయపడును. గాలి లేని ఎత్తున అట్టి ఆధారము లేదు. సెకండునకు కొన్ని కిలోమీటర్ల వేగముతో పోవు రాకెట్టును ప్రక్కకు మళ్లించుటకు ఇంధనమునే మండింపవలెను. ఆ మేరకు అది మోయగల బరువు తగ్గును. 1993 సెప్టెంబరు 20న తొలి ప్రయోగము విఫలమై రాకెట్ సముద్రమున పడినది. 1994 అక్టోబరు 15న రెండవది సఫలమై, సుమారు 800 కిలోల ఐ.ఆర్.ఎస్.-పి2 ఉపగ్రహమును దాదాపు 17 నిమిషములలో కక్ష్యకు చేర్చినది.

చిన్న రాకెట్లకు ఈ మలుపు మరింత భారము. అందువలన తమిళనాడులోని తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్టణమున రెండవ కేంద్రమునకు 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగినది. అచ్చటినుండి దక్షిణమున ఉన్నది సముద్రమే.

విద్యార్థులు తరగతిలోని గ్లోబుపై శ్రీహరికోట నుండి దక్షిణధ్రువమునకు దారము బిగించి చూచినచో, అది శ్రీలంక మీదుగా పోవుట కనబడును. ఆ దారిని విడిచి చుట్టుదారిన పోవుటకు రాకెట్ వెచ్చించు ఇంధనము, దారము క్రింద నివసించు జనుల క్షేమమునకు మనము చెల్లించు మూల్యము.